దవడ కీలు నొప్పి: తొందరపాటు చేసిన నష్టం, ఓపిక చేసే మేలు

చెవి ముందు సన్నగా మొదలైన నొప్పిని చాలామంది చెవిపోటు అనుకుంటారు. ఈఎన్‌టీ డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదంటారు. నొప్పి వెనక పళ్ళ వైపు పాకితే దంతవైద్యుని దగ్గరికి పరుగు. అనుమానం తీరక ఒక పంటికి రూట్ కెనాల్ కూడా జరిగిపోతుంది. నొప్పి మాత్రం పోదు. కణతల్లోకి ఎగబాకితే మైగ్రేన్ మాత్రలు మొదలవుతాయి. ఇలా నలుగురైదుగురి చేతులు మారాక ఎవరో ఒకరు చెవి ముందు వేలు పెట్టి "నోరు తెరవండి" అంటారు. అప్పటిదాకా ఎవరూ దవడ కీలు వైపు చూసి ఉండరు.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. అమెరికాలో 2017–18 జాతీయ ఆరోగ్య సర్వే లెక్కన వయోజనుల్లో దాదాపు 5 శాతం మందికి ఈ తరహా నొప్పి ఉంది. ఇరవై నుంచి నలభై అయిదేళ్ళ మధ్య వాళ్ళలో ఎక్కువ. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో సుమారు రెట్టింపు. వైద్యులు దవడ కీలును టీఎంజే అనీ, దానికీ దాన్ని కదిపే కండరాలకూ వచ్చే బాధలన్నిటినీ కలిపి టీఎండీ అనీ పిలుస్తారు. ఇదొక జబ్బు కాదు, ముప్ఫైకి పైగా సమస్యలున్న ఒక కుటుంబం. అందుకే ఒకరికి పనిచేసిన వైద్యం ఇంకొకరికి పనిచేయదు.

గత తొంభై ఏళ్ళలో ఈ నొప్పిని అర్థం చేసుకోవడానికి వైద్యం ఎన్నో దారులు తొక్కింది. పళ్ళ కొరుకుడు, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, తప్పన్నారు, మనసు కారణమన్నారు, కీలులోని డిస్క్ జారిందన్నారు. ఏ కాలానికి ఏ కారణం దొరికితే ఆ కాలానికి ఆ చికిత్స పుట్టింది. వాటిలో కొన్ని రోగులకు తీరని నష్టం చేశాయి. ఆ చరిత్రనూ ఇప్పటి పరిశోధననూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. ఈ నొప్పి చాలామందికి తేలికైన ఉపాయాలతోనే తగ్గుతుంది. మళ్ళీ వెనక్కి తీసుకోలేని పనులకు తొందరపడినప్పుడే ఎక్కువగా చెడుతుంది.

కీలు లోపల ఏముంది

రెండు చెవుల ముందూ చెరొక కీలు ఉంటుంది. కింది దవడ ఎముక పైకొనన ఉన్న గుండ్రటి బొడిపె, కణత ఎముక అడుగున ఉన్న గుంటలో ఇముడుతుంది. ఈ రెంటి మధ్య గట్టి పీచు కణజాలంతో చేసిన పల్చటి డిస్క్ ఉంటుంది. నెత్తి మీద కుండ కుదురుగా నిలవడానికి చుట్టకుదురు ఎలా పనికొస్తుందో, బొడిపె మీద ఈ డిస్క్ అలా పనికొస్తుంది. అంచులు మందం, నడుమ పల్చన.

శరీరంలో ఇంకే కీలుకూ లేని ప్రత్యేకత దీనికుంది. ఒకే ఎముకకు రెండు కొసలా రెండు కీళ్ళు ఉండటంతో ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు. పైగా ఇది తిరుగుతుంది, జారుతుంది కూడా. నోరు మొదటి రెండు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా బొడిపె గుంటలోనే తిరుగుతుంది. ఆ తర్వాత డిస్క్‌తో కలిసి ముందుకు జారుతుంది. అద్దం ముందు నిలబడి రెండు చెవుల ముందూ వేళ్ళు ఆనించి మెల్లగా నోరు తెరిస్తే ఆ జారుడు వేళ్ళకే తెలుస్తుంది.

ఈ పని చేయించేవి నాలుగు జతల ముఖ్య కండరాలు. పళ్ళు బిగిస్తే చెంప మీద గట్టిగా ఉబికేది మాసెటర్. కణత దగ్గర అదిరేది టెంపొరాలిస్. మిగతా రెండు జతలు దవడ లోపలి వైపున ఉంటాయి. వీటన్నిటి నొప్పినీ మెదడుకు మోసుకెళ్ళేది ట్రైజెమినల్ నాడి. పళ్ళ నుంచి, ముఖం నుంచి, తలలో చాలా భాగం నుంచి వచ్చే కబుర్లు కూడా దాని మీదే వెళతాయి. అందువల్లనే మాసెటర్ కండరంలోని నొప్పి పన్ను నొప్పిలాగా, టెంపొరాలిస్ నొప్పి తలనొప్పిలాగా, కీలు నొప్పి చెవిపోటులాగా అనిపిస్తాయి. రోగి అబద్ధం చెప్పడం లేదు, డాక్టరుకు చేతకాక కాదు. నొప్పి పుట్టిన చోటు ఒకటి, తెలిసే చోటు ఇంకొకటి.

బాధ ఎన్ని రకాలు

ఎక్కువమందిలో కనిపించేది కండరాల నొప్పి. నమిలేటప్పుడు, ఆవలించేటప్పుడు, పొద్దున లేవగానే చెంపలూ కణతలూ లాగుతుంటాయి. నొక్కితే నొప్పి.

రెండోది డిస్క్ చోటు తప్పడం. డిస్క్ బొడిపెకు ముందుకు జారిపోతుంది. నోరు తెరిచినప్పుడు బొడిపె మళ్ళీ దాని కిందికి చేరే క్షణంలో 'టక్'మని శబ్దం వస్తుంది. ఈ శబ్దం చాలామందిలో ఉంటుంది. నొప్పి లేకుండా, నోరు పట్టేయకుండా ఉన్న శబ్దానికి వైద్యం అక్కర్లేదు. ఈ ఒక్క మాట తెలిస్తే ఎంతోమందికి ఖర్చూ భయమూ తప్పుతాయి. కొద్దిమందిలో మాత్రం డిస్క్ ముందే చిక్కుకుపోయి శబ్దం ఆగిపోతుంది, నోరు సగమే తెరుచుకుంటుంది. దీన్నే దవడ పట్టేయడం అంటాం.

మూడోది కీలు అరుగుదల, కీళ్ళవాతం. నోరు తెరుస్తుంటే ఇసుక నలిగినట్టు గరగర వినిపిస్తుంది. వయసుతో వచ్చే అరుగుదల కావచ్చు, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో భాగం కావచ్చు.

ఇక దవడ జారడం వేరే సంగతి. గట్టిగా ఆవలించాక నోరు మూతపడకుండా ఉండిపోతే బొడిపె గుంట దాటి ముందుకు వెళ్ళిందన్నమాట. ఆసుపత్రికి వెళితే కింది దవడ పళ్ళను అదిమి, దవడను కిందికీ వెనక్కీ నెట్టి యథాస్థానంలో కూర్చుతారు. ఈ విద్య చాలా పాతది. ప్రాచీన ఈజిప్టుకు చెందిన ఎడ్విన్ స్మిత్ పత్రంలో దీని ప్రస్తావన ఉంది. మన సుశ్రుత సంహిత చికిత్సా స్థానంలో హనుసంధి తప్పితే కాపడం పెట్టి, సరిచేసి, పంచాంగీ కట్టు కట్టమని చెప్పారు.

కారణం కోసం తొంభై ఏళ్ళ వెతుకులాట

ఆధునిక కాలంలో ఈ ప్రశ్నను తెర మీదికి తెచ్చింది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పనిచేసిన ఈఎన్‌టీ వైద్యుడు జేమ్స్ కాస్టెన్. 1934లో ఆయన పదకొండు మంది రోగుల గురించి ఒక వ్యాసం రాశారు. వెనక పళ్ళు పోయినవారిలో దవడ మరీ దగ్గరికి మూసుకుపోయి, బొడిపె చెవి దగ్గరి నాడుల మీద, గొట్టాల మీద ఒత్తిడి తెస్తోందనీ, అందుకే చెవి నొప్పీ హోరూ తలనొప్పీ వస్తున్నాయనీ ఆయన వాదన. 1940ల్లో హ్యారీ సిషర్ వంటి శరీర నిర్మాణ శాస్త్రవేత్తలు ఆ ఒత్తిడి సాధ్యం కాదని తేల్చారు. సిద్ధాంతం కూలింది గానీ అది నాటిన ఆలోచన దంతవైద్యంలో పాతుకుపోయింది. తప్పు పళ్ళ కొరుకుడులో ఉంది, కొరుకుడు సరిచేస్తే నొప్పి పోతుంది అన్నదే ఆ ఆలోచన. దాని పేరు మీద దశాబ్దాల పాటు లెక్కలేనన్ని ఆరోగ్యమైన పళ్ళను అరగదీశారు, కిరీటాలు తొడిగారు, క్లిప్పులు వేశారు.

దీనికి ఎదురు తిరిగినవారిలో షికాగోలోని డేనియల్ లాస్కిన్ ముఖ్యుడు. చాలామందిలో నొప్పి కండరాల నుంచి వస్తోందనీ, ఒత్తిడితో పళ్ళు బిగించడం వల్ల కండరాలు అలసిపోతున్నాయనీ 1969లో ఆయన ప్రతిపాదించారు. 1976లో ఆయన, చార్లెస్ గ్రీన్ తదితరులు కలిసి చేసిన ప్రయోగం ఈ రంగంలో ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసినది. 25 మంది రోగులకు కొరుకుడు సరిచేస్తున్నామని చెప్పి, నిజానికి కొరుకుడు ఏమాత్రం మారకుండా పళ్ళను అరగదీసినట్టు నటించారు. వారిలో 16 మంది నొప్పి పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయిందన్నారు. ఇన్నేళ్ళుగా కొరుకుడు సరిచేసి నయం చేశామని చెప్పుకున్న విజయాల్లో నమ్మకం పాలెంత, కాలం పాలెంత, చేతి పని పాలెంత? ఆ ప్రశ్న నుంచి ఆ తర్వాత ఎవరూ తప్పించుకోలేకపోయారు.

అయినా ఆట అక్కడితో ఆగలేదు. 1970ల చివర్లో కీలులోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయడం, ఆ తర్వాత ఎంఆర్ఐ రావడంతో డిస్క్ కళ్ళకు కనబడింది. జారిన డిస్క్ కనబడగానే దాన్ని సరిచేయాలన్న తహతహ మొదలైంది. డిస్క్‌ను వెనక్కి కుట్టిన మొదటి శస్త్రచికిత్స ఎడిన్‌బరోలో థామస్ అన్నండేల్ 1887లోనే చేశారు. 1980ల్లో మాత్రం ఆ శస్త్రచికిత్సలు వెల్లువెత్తాయి. డిస్క్ తీసేసిన చోట కృత్రిమ పదార్థం పెట్టడం ఆనవాయితీ అయింది.

ఈ కథలో అన్నిటికంటే బాధాకరమైన అధ్యాయం ఇక్కడే ఉంది. టెక్సాస్‌కు చెందిన వైటెక్ సంస్థ ప్రోప్లాస్ట్, టెఫ్లాన్ కలిపి చేసిన ఇంప్లాంట్‌కు 1983లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్కెట్ అనుమతి దొరికింది. అప్పటికే అమ్మకంలో ఉన్న వస్తువుల్లాంటిదే కదా అన్న కోవలో ఇచ్చిన అనుమతి అది. వేలమంది దవడల్లో దాన్ని అమర్చారు. నమిలే ఒత్తిడికి అది నలిగి పొడి అయింది. ఆ పొడిని శరీరం పరాయి పదార్థంగా గుర్తించి దాడి చేసింది. ఆ దాడిలో చుట్టూ ఉన్న ఎముక కరిగిపోయింది. కొందరిలో పుర్రె అడుగు దాకా కోత పడింది. 1990 చివర్లో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసేనాటికి చాలామందికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఒకటి తర్వాత ఒకటిగా ఆపరేషన్లు చేయించుకుంటూ, ప్రతిసారీ ముందుకంటే ఎక్కువ నొప్పితో మిగిలిన స్త్రీలు ఎందరో. వారి గొంతు వినిపించాకే ఈ రంగం నెమ్మదించింది. 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణులను కూర్చోబెట్టి ఈ విషయం మీద ప్రత్యేక సదస్సు జరిపాయి. ముందుగా వెనక్కి తీసుకోగల, శరీరానికి గాయం చేయని పద్ధతులే వాడాలన్నది దాని సారాంశం.

డిస్క్ మీది మోజు తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏ బాధా లేని మనుషులకు ఎంఆర్ఐ తీస్తే వారిలోనూ చాలామందికి డిస్క్ జారి ఉన్నట్టు తేలింది. దవడ పట్టేసినవారిని ఏ చికిత్సా లేకుండా గమనించిన జపాన్ వైద్యులు 1998లో తమ ఫలితాలు ప్రకటించారు. రెండున్నరేళ్ళలో దాదాపు నలుగురిలో ముగ్గురికి బాధ పోవడమో, బాగా తగ్గడమో జరిగింది. డిస్క్ చోటు తప్పే ఉంది, కీలు మాత్రం దానికి అలవాటు పడింది. అమెరికాలో అదే సమస్య ఉన్న 106 మందిని నాలుగు జట్లుగా చేసి ఒక జట్టుకు మందులూ సలహాలూ, ఇంకో జట్టుకు వ్యాయామంతో కూడిన పునరావాసం, మిగతా రెంటికీ రెండు రకాల శస్త్రచికిత్సలు ఇచ్చి అయిదేళ్ళు చూశారు. 2007లో వచ్చిన ఫలితం ప్రకారం నాలుగు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. కోత పెట్టినా పెట్టకపోయినా చేరింది ఒకే గమ్యానికైతే, ముందు కోత లేని దారే పట్టాలి గదా.

ఇప్పటి అవగాహన

1992లో సియాటిల్ పరిశోధకులు శామ్యూల్ డ్వార్కిన్, లిండా లెరెష్ రోగనిర్ధారణకు ఒక చట్రం ఇచ్చారు. దాన్ని మెరుగుపరిచి 2014లో అంతర్జాతీయంగా ఆమోదించారు. ఆ చట్రంలో రెండు పక్కలున్నాయి. ఒక పక్క కీలు, కండరాల పరీక్ష. రెండో పక్క నొప్పి వల్ల రోజువారీ పనులు ఎంత ఆగిపోతున్నాయి, దిగులు ఎంత, నిద్ర ఎలా ఉంది, శరీరంలో ఇంకెక్కడెక్కడ నొప్పులున్నాయి అన్న వివరం. ఈ రెండో పక్కను వదిలేస్తే రోగిలో సగమే చూసినట్టు.

2006లో మొదలైన ఓపెరా అనే పెద్ద అధ్యయనం దీన్ని బలపరిచింది. అమెరికాలో దవడ నొప్పి లేని వేలమంది యువతీయువకులను ఎంచుకుని ఏళ్ళ తరబడి గమనించారు. ఏడాదికి నూటికి సుమారు నలుగురికి కొత్తగా నొప్పి వచ్చింది. ఎవరికి వచ్చింది? నడుం నొప్పి, తలనొప్పి వంటి ఇతర నొప్పులు ముందే ఉన్నవారికి, నిద్ర సరిగా లేనివారికి, పళ్ళు బిగించడం వంటి అలవాట్లు ఎక్కువ ఉన్నవారికి, శరీరంలో రకరకాల చిన్న బాధలు పేర్కొన్నవారికి.

దీని అర్థం నొప్పి ఊహ అని కాదు. ఒక చోట మొదలైన నొప్పి నెలల తరబడి సాగితే వెన్నుపాము, మెదడు ఆ కబురుకు అతిగా స్పందించడం నేర్చుకుంటాయి. అప్పుడు చిన్న తాకిడి కూడా పెద్ద నొప్పవుతుంది. నిద్రలేమి, దిగులు ఆ స్పందనను పెంచుతాయి, మంచి నిద్ర, కదలిక, ధైర్యం తగ్గిస్తాయి. "అంతా నీ మనసులోనే ఉంది" అని రోగితో అనడం శాస్త్రానికీ విరుద్ధం, మనిషితనానికీ విరుద్ధం. 2020లో అమెరికా జాతీయ అకాడమీలు వెలువరించిన సమగ్ర నివేదిక ఈ నొప్పిని దంతవైద్యం, వైద్యం కలిసి చూడవలసిన సమస్యగా గుర్తించి, ఈ రెంటి మధ్య అగాధంలో రోగులు పడిపోతున్నారని ఎత్తిచూపింది.

పళ్ళు కొరకడం గురించి కూడా ఒక మాట. రాత్రి నిద్రలో పటపట పళ్ళు కొరికే అలవాటే నొప్పికి మూలమని చాలాకాలం నమ్మారు. ఇప్పటి ఆధారాలు అంత సూటిగా లేవు. నిద్రలో గట్టిగా కొరికేవారిలో ఎందరికో నొప్పే ఉండదు. పగలు తెలియకుండా పళ్ళు ఆనించి ఉంచే అలవాటుకు నొప్పితో సంబంధం ఎక్కువగా కనబడుతోంది. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తాకనే కూడదు. రోజు మొత్తం మీద అవి కలిసే సమయం అంతా కూడితే అరగంట కూడా ఉండదు. కంప్యూటర్ ముందు, బండి నడుపుతూ, పరీక్ష రాస్తూ గంటల తరబడి పళ్ళు ఆనించేవారి కండరాలకు విశ్రాంతి ఎక్కడిది?

మంచి పరీక్ష ఎలా ఉంటుంది

ఈ నొప్పిని గుర్తించడానికి ఖరీదైన యంత్రాలు చాలాసార్లు అక్కర్లేదు. డాక్టరు ముందు కథంతా వింటారు. తర్వాత చిన్న స్కేలుతో నోరు ఎంత తెరుచుకుంటుందో కొలుస్తారు. పెద్దవారిలో ముందు పళ్ళ మధ్య 40 మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటే మామూలు. 35కు తగ్గితే ఆలోచించాలి. ఇంట్లో ఎవరికి వారు చూసుకోవాలంటే తమ చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళను నిలువుగా కలిపి ముందు పళ్ళ మధ్య పెట్టి చూడవచ్చు. మూడూ పడితే సరే.

ఆ తర్వాత డాక్టరు చెంప కండరాన్నీ కణతనూ వేళ్ళతో సుమారు కిలో బరువుతో, కీలును అందులో సగం బరువుతో నొక్కుతారు. నొక్కిన చోటల్లా అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు చెబుతున్న నొప్పి ఇదేనా?" నొక్కితే ఎవరికైనా కాస్త నొప్పి పుడుతుంది. రోజూ వేధించే ఆ నొప్పే వేలి కింద తిరిగి లేచిందా అన్నది అసలు విషయం. "అవును డాక్టరు గారూ, ఇదే" అని రోగి అన్న క్షణంలో రోగనిర్ధారణ సగం పూర్తయినట్టే. దవడ మొత్తాన్నీ ఒకే చిత్రంలో చూపే ఓపీజీ ఎక్స్‌రే పళ్ళ సమస్యలనూ ఎముక మార్పులనూ తోసిపుచ్చడానికి పనికొస్తుంది. ఎంఆర్ఐ, సీటీ అనుమానం బలంగా ఉన్నప్పుడే.

దవడ కీలు కాని దవడ నొప్పులు

ఇక్కడ పొరపాటు పడితే ప్రాణం మీదికి రావచ్చు. మెట్లెక్కుతుంటే, వేగంగా నడుస్తుంటే కింది దవడలో నొప్పి మొదలై ఆగితే తగ్గుతుంటే అది గుండె నొప్పి కావచ్చు. చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు తోడైతే దంతవైద్యుని కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

ముఖం కడుక్కుంటుంటే, పళ్ళు తోముకుంటుంటే, గాలి తగిలితే షాక్ కొట్టినట్టు క్షణాలపాటు మెరిసే నొప్పి ట్రైజెమినల్ న్యూరాల్జియా. దాని మందులు వేరు. యాభై దాటినవారిలో నమిలే కొద్దీ దవడ నొప్పి పెరిగి ఆపితే తగ్గడం, కొత్తగా తలనొప్పి, కణత ముట్టుకుంటే నొప్పి, చూపు మసకబారడం కలిసి వస్తే కణత రక్తనాళాల వాపు కావచ్చు. మన దగ్గర అరుదే గానీ వెంటనే వైద్యం అందకపోతే చూపు పోతుంది. గాయం తర్వాత దవడ బిగుసుకుంటే ధనుర్వాతం గుర్తుకు రావాలి. జ్ఞానదంతం చుట్టూ చీము పట్టినా నోరు తెరుచుకోదు. మెడలో గడ్డ, ముఖంలో తిమ్మిరి, మానని పుండు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయకూడదు.

మన ప్రాంతంలో మరీ ముఖ్యంగా చూడవలసింది వక్క, గుట్కా, ఖైనీ నమిలేవారి నోరు. వక్క వల్ల బుగ్గల లోపలి పొర బిరుసెక్కి, తెల్లగా పాలిపోయి, తీగల్లా గట్టిపడుతుంది. కారం తగిలితే మంట. నోరు నెమ్మదిగా మూడు వేళ్ళ నుంచి రెండు, రెండు నుంచి ఒకటికి కుదించుకుపోతుంది. ఇది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉన్న స్థితి. దీన్ని దవడ కీలు నొప్పిగా భ్రమపడి నెలలు గడిపితే ఆ నెలలు తిరిగి రావు. కాబట్టి నోరు తెరుచుకోవడం లేదని వచ్చిన ప్రతివారి బుగ్గలూ లోపల వేలితో తడిమి చూడాలి.

ఏ చికిత్సకు ఎంత బలం

2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన మార్గదర్శకాలు ఈ ప్రశ్నకు ఇప్పటివరకూ దొరికిన అత్యంత సమగ్రమైన జవాబు. నొప్పి మూడు నెలలు, ఆ పైన ఉన్నవారి మీద జరిగిన 150కి పైగా ట్రయల్స్‌ను పోల్చి, రోగులు కూడా సభ్యులుగా ఉన్న అంతర్జాతీయ బృందం వీటిని తయారు చేసింది.

గట్టిగా సిఫారసు చేసినవి ఇవి: ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఫిజియోథెరపిస్టు చేతులతో దవడను కదిలించడం, కండరాల్లోని నొప్పి ముడులను చేతితో నొక్కి సడలించడం, పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, మెడ భుజాల భంగిమ సరిచేసే వ్యాయామాలు, ఇంట్లో చేసుకునే సాధనతో పాటు జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పి ధైర్యం ఇవ్వడం. ఈ జాబితాలో మందు లేదు, యంత్రం లేదు, కత్తి లేదు. ఆక్యుపంక్చర్‌ను కొందరి విషయంలో ఆలోచించవచ్చన్నారు.

సాధారణంగా వద్దన్న జాబితా చూస్తే చాలా క్లినిక్‌లు ఉలిక్కిపడతాయి. పళ్ళ మీద తీసి పెట్టుకునే తొడుగులైన స్ప్లింట్లు, లేజర్, చర్మం మీదుగా స్వల్ప విద్యుత్తు పంపే టెన్స్ యంత్రం, బోటాక్స్, కీలులోకి స్టెరాయిడ్ లేదా హయలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లు, కీలును సెలైన్‌తో కడిగే ఆర్థ్రోసెంటెసిస్, గాబాపెంటిన్, నిద్రమాత్రల కోవలోని బెంజోడయజెపైన్లు అందులో ఉన్నాయి. వీటి వల్ల లాభం చిన్నది లేదా అనుమానాస్పదం, ఖర్చూ ఇబ్బందీ మాత్రం ఖాయం. అస్సలు వద్దన్నవి మూడు: కొరుకుడును శాశ్వతంగా మార్చే స్ప్లింట్లు, డిస్క్ తీసేసే ఆపరేషన్, నొప్పి మాత్రలతో నల్లమందు కోవకు చెందిన ఓపియాయిడ్లు కలిపి వాడటం.

స్ప్లింట్ గురించి వివరం అవసరం, ఎందుకంటే మన ఊళ్ళలో ఎక్కువగా ఇచ్చేది అదే. రాత్రి పళ్ళు కొరికి పళ్ళు అరిగిపోతున్నవారికి పళ్ళ రక్షణకు నైట్ గార్డ్ ఉపయోగపడుతుంది. నొప్పికి అదే మందన్న నమ్మకానికి మాత్రం ఆధారం బలహీనం. 2020లో బ్రిటన్‌లో జరిగిన సమీక్ష కూడా ఇదే తేల్చింది. డాక్టరు సూచించినా రాత్రి మాత్రమే పెట్టుకునేది, పళ్ళన్నిటినీ కప్పేది అయితేనే మేలు. కొన్ని పళ్ళను మాత్రమే కప్పేవాటినీ, దవడను ముందుకు తెచ్చి ఇరవై నాలుగు గంటలూ ఉంచేవాటినీ నెలల తరబడి వాడితే పళ్ళ కలయికే మారిపోతుంది.

ఈ మార్గదర్శకాలు దీర్ఘకాలపు నొప్పి గురించి మాత్రమే. నిన్న మొన్న మొదలైన నొప్పికి కొద్దిరోజులు వాపు తగ్గించే మాత్రలు డాక్టరు సలహాతో వాడవచ్చు. కడుపు పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా ఆ సంగతి చెప్పాలి.

ఇంట్లో చేసుకోవలసింది

మొదటి సూత్రం పెదవులు కలిపి, పళ్ళు విడదీసి ఉంచడం. 'ల' అన్నప్పుడు నాలుక కొస అంగిట్లో తగిలే చోట దాన్ని మెల్లగా ఆనించి వదిలేస్తే పళ్ళు వాటంతట అవే విడిపోతాయి. రోజులో పదిసార్లు గుర్తు చేసుకోవడానికి కంప్యూటర్ అంచుకో, వంటింటి గోడకో ఒక చుక్క అంటించుకోవచ్చు. చుక్క కనబడినప్పుడల్లా పళ్ళు తాకుతున్నాయా అని చూసుకోవడం, భుజాలు వదులు చేయడం. ఈ చిన్న పనే చాలామందికి సగం మందు.

నొప్పి ఎక్కువ ఉన్న రెండు మూడు వారాలు చెరకు, తేగలు, మొక్కజొన్న పొత్తులు, గట్టి జంతికలు, చూయింగ్ గమ్ మానాలి. పానీపూరీ కోసం నోరు బార్లా తెరవడం కూడా. మెత్తటి అన్నం, పప్పు, ఇడ్లీ, ఉప్మా, ఉడికిన కూరలు రెండు వైపులా నెమ్మదిగా నమలాలి. నొప్పి తగ్గాక మళ్ళీ మామూలు తిండికి రావాలి, నెలల తరబడి జావ తాగితే కండరాలు బలహీనపడతాయి. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనిస్తే నోరు మరీ తెరుచుకోదు. చెంపకు రోజుకు రెండు మూడుసార్లు పదిహేను నిమిషాలు గోరువెచ్చని కాపడం హాయినిస్తుంది.

వ్యాయామానికి నాలుకను అంగిటికి ఆనించి, అది విడిపోనంత మేరకే నోరు నెమ్మదిగా తెరిచి మూయాలి. అద్దంలో చూస్తూ గడ్డం ఒక పక్కకు వంగకుండా నిటారుగా కదిలేలా చేయాలి. ఆరేడుసార్లు చొప్పున రోజుకు కొన్ని దఫాలు చాలు. పదునైన నొప్పి పుట్టిస్తే ఆపి ఫిజియోథెరపిస్టును కలవాలి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి మాట్లాడటం, బోర్లా పడుకోవడం, గోళ్ళు కొరకడం మానాలి. నిద్ర వేళలు సరిదిద్దుకోవడం దవడకూ వైద్యమే.

కత్తి ఎప్పుడు అవసరం

శస్త్రచికిత్స చెడ్డదని ఎక్కడా అనలేం. అది ఎవరికి అన్నదే ప్రశ్న. కీలులో కణితి, ఎముక విరగడం, మాటిమాటికీ దవడ జారడం, కీలు అతుక్కుపోవడం వంటివాటికి సర్జనే దిక్కు. పూర్తిగా పాడైన కీలుకు టైటానియం, కోబాల్ట్ క్రోమ్ మిశ్రమం, పాలిథిలిన్‌లతో చేసిన కృత్రిమ కీళ్ళు ఇప్పుడు ఉన్నాయి. రోగి కొలతలకు తగ్గట్టు చేసిన అటువంటి కీలుకు అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది. వైటెక్ అనుభవం తర్వాత పరీక్షలు కఠినమయ్యాయి.

కీలు అతుక్కుపోవడం మన దేశంలో ఇంకా కనబడే విషాదం. చెట్టు మీద నుంచో, మెట్ల మీద నుంచో పిల్లవాడు గడ్డం ఆనేలా పడతాడు. గడ్డం చీలితే రెండు కుట్లు వేసి పంపేస్తారు. దెబ్బ తాకిడికి చెవి ముందు బొడిపె విరిగిందేమో ఎవరూ చూడరు. నొప్పి భయంతో పిల్లవాడు నోరు కదపడు. నెలలు గడిచేసరికి విరిగిన ఎముక గుంటతో కలిసి ఒకే ఎముక అవుతుంది. నోట్లోకి చెంచా పట్టదు, కింది దవడ ఎదగదు, నిద్రలో ఊపిరి అందదు. అప్పుడు అతుకు కోసి, మధ్యలో కణత కండరం పొర పెట్టి, కొన్నిసార్లు పక్కటెముక ముక్క అమర్చి, నెలల తరబడి నోరు తెరిచే వ్యాయామం చేయించాలి. మొదటి రోజే చెవుల ముందు వేలు పెట్టి చూసి, ఎక్స్‌రే తీసి, తొందరగా నోరు కదిలించేలా చేసి ఉంటే ఇదంతా చాలావరకు తప్పేది. గడ్డం మీద పడిన ప్రతి బిడ్డకూ కీలు పరీక్ష చేయాలన్నది తల్లిదండ్రులకూ, కుట్లు వేసే ప్రతి డాక్టరుకూ తెలియాలి.

మనం అడగవలసింది

ఎక్కడికి వెళ్ళాలి? దంత కళాశాలల్లో ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ విభాగం ఈ నొప్పికి మొదటి గుమ్మం. హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత కళాశాలల్లో తక్కువ ఖర్చుతో చూపించుకోవచ్చు. అవసరమైతే మ్యాక్సిల్లోఫేషియల్ సర్జన్, ఫిజియోథెరపిస్టు, మానసిక వైద్య నిపుణులు తోడవుతారు. వీరంతా ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటు మన ఆసుపత్రుల్లో ఇంకా రావలసి ఉంది. కత్తికన్నా ముందు సిఫారసు చేసిన ఫిజియోథెరపీ, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చిన్న పట్టణాల్లో దొరకడమే కష్టం. స్ప్లింట్ చేయించడం తేలిక, అరగంట కూర్చుని వివరించడం కష్టం. ఫీజు వ్యవస్థ కూడా వస్తువుకే డబ్బు ఇస్తుంది, వివరణకు ఇవ్వదు. ఇది మారాలి.

అది మారేలోగా రోగి చేతిలో ఉన్న బలం ప్రశ్నలే. పళ్ళు అరగదీయాలని, కిరీటాలు తొడగాలని, క్లిప్పులు వేయాలని, కీలు తెరవాలని ఎవరైనా అంటే మూడు మాటలు అడగాలి. ఈ పని చేశాక నాకు నచ్చకపోతే మళ్ళీ మునుపటిలా చేయగలరా? ఇది చేయకుండా మూడు నెలలు వ్యాయామం, కాపడం, అలవాటు మార్పుతో చూస్తే నాకు జరిగే నష్టం ఏమిటి? నా నొప్పి గుండెది కాదు, పన్నుది కాదు, క్యాన్సర్‌ది కాదు అని ఎలా తేల్చారు? నిజాయితీగల డాక్టరు ఈ మూడింటికీ కూర్చుని జవాబు చెబుతారు. జవాబు దొరక్కపోతే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు. కాస్టెన్ కాలం నుంచి వైటెక్ కాలం దాకా దెబ్బతిన్నవారికి ఈ ప్రశ్నలు అడిగే అవకాశం రాలేదు. మనకు వచ్చింది, వాడుకోవాలి.